నిర్మల్ తెలుసు గానీ, ఈ నార్మల్ ఎక్కడుందండీ?

వాన పడుతుంటే "వెదర్ బాగోలేదు" అనడం మనకి ఎప్పట్నుంచి అలవాటైందో ఎవరైనా చెప్పగలరా?

మీ ఆఫీసులోనే గమనించండి. మొగులు పట్టి నాలుగు చినుకులు పడితే చాలు, కాల్‌లో ఒకాయన "ఇక్కడ వెదర్ చాలా బ్యాడ్‌గా ఉంది" అంటాడు. అవతల న్యూజెర్సీలో కూర్చున్న ఇంకో తెలుగాయన "అయ్యో, సారీ" అంటాడు. అదేదో ఇంట్లో మనిషి పోయినట్టు! మే నెలలో 44 డిగ్రీల ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుంటే మాత్రం ఫోన్లో నవ్వు మొహం సూర్యుడి బొమ్మ వస్తుంది. వానకేమో ఏడుపు మొహం మబ్బు. ఎవడు గీశాడో ఆ బొమ్మ, వాడు ఎప్పుడూ ఆదిలాబాద్ రాలేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

నాది ఆదిలాబాద్. తెలంగాణలో వానలు బాగా పడే జిల్లాల్లో మాదొకటి. చలికాలం ఐదారు డిగ్రీలకి దిగుతుంది, ఎండాకాలం 45కి ఎక్కుతుంది, వానాకాలం ముసురు పట్టిందంటే రోజుల తరబడి సూర్యుడు కనపడడు. ఈ మూడింటినీ కలిపి సగటు తీస్తే ఎంతో హాయిగా ఉండే ఊరొకటి లెక్కల్లో తేలుతుంది. ఆ ఊళ్ళో మాత్రం ఎవరూ ఉండరు. మా ఉమ్మడి జిల్లాలో నిర్మల్ ఉంది, బస్సెక్కితే వెళ్ళొచ్చు. నార్మల్‌కి మాత్రం బస్సు లేదు :)

సరదాకి అంటున్నా గానీ, చెప్పదల్చుకున్నది సరదా విషయం కాదు. ఈ "నార్మల్" అనే మాట మనల్ని రెండు వైపులా మోసం చేస్తోంది. సహజంగా రావాల్సిన దాన్ని చూసి చిరాకు పడమంటోంది. ఎప్పటికీ జరక్కూడని దాన్ని చూసి సర్దుకుపొమ్మంటోంది. ఎలాగో ఒక్కొక్కటే చూద్దాం.

వాన మీద ఈ చిరాకు ఎవరిది?

వాన అంటే చలి, బురద, ముక్కు కారడం అనుకునే దేశాలున్నాయి. ఏడాది పొడుగునా మబ్బే ఉండే చోట ఎండ కాస్తే పండగ చేసుకుంటారు, అందులో తప్పేం లేదు. వాళ్ళ ఊరు, వాళ్ళ గోల. వాళ్ళ పిల్లలకి వానని పొమ్మని చెప్పే పాట నేర్పుకున్నారు. దాన్ని తీసుకొచ్చి మన ఎల్కేజీ పిల్లలతో చేతులూపించి పాడించడమే విడ్డూరం. చెరువులు ఎండిన ఊళ్ళో కూడా ఇదే పాట!

మన దగ్గర కథ వేరు. సంస్కృతంలో వర్షం అంటే వానే కాదు, సంవత్సరం కూడా. అంటే వానతో వానకి మధ్య కాలాన్ని ఒక ఏడుగా లెక్కపెట్టిన మనుషుల మాట అది. వానలు రాకపోతే ఊళ్ళో విరాటపర్వం చదివించేవాళ్ళు. రోకలికి కప్పని కట్టి ఇంటింటికీ తిప్పితే నీళ్ళు పోసేవాళ్ళు. ఆ పనుల వల్ల వాన పడుతుందా అంటే పడదు, అది నాకూ తెలుసు. కానీ ఒక సమాజం దేనికోసం బతిమాలుకుందో చూస్తే దానికి ఏది కావాలో తెలుస్తుంది. ఎండ రావాలని కప్పని ఊరేగించిన ఊరు మన దిక్కు ఎక్కడైనా ఉందా?

మాటలు కూడా చూడండి. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, గాలివాన, రాళ్ళవాన, కుండపోత. తొలకరి వేరు, పదునువాన వేరు. ఆరుద్ర కార్తె వాన వేరు, హస్త కార్తె వాన వేరు. ఇన్ని మాటలున్న భాషలో పుట్టి, బయట పడుతున్నదేంటో చూడకుండా, అన్నిటికీ కలిపి "బ్యాడ్ వెదర్" అని ఒకే ముద్ర కొట్టేస్తున్నాం. డేటా టైపులన్నీ తీసేసి అన్నిటినీ స్ట్రింగ్‌లో పడేసినట్టుంది వ్యవహారం. అలా చేసిన కోడ్‌ని మీరు రివ్యూలో పాస్ చేస్తారా?

లెక్కల్లో నార్మల్

"ఈ ఏడు వర్షపాతం నార్మల్" అని వాతావరణ శాఖ చెప్పగానే టీవీల్లో ఊపిరి పీల్చుకుంటారు. అసలు ఆ నార్మల్ ఏంటో చూద్దాం.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశమంతా పడిన వానని, దీర్ఘకాల సగటుతో పోలుస్తారు. 96 నుంచి 104 శాతం మధ్య ఉంటే నార్మల్. ఆ సగటు ఎంత? 1951–2000 లెక్క ప్రకారం 89 సెంటీమీటర్లు. తర్వాత 1961–2010 తీసుకున్నారు, 88 అయింది. 2022లో 1971–2020కి మారారు, 87 అయింది. అంటే నార్మల్ అనేది కూడా స్థిరంగా లేదు, మెల్లగా కిందికి జారుతోంది. సగటుని మార్చడం తప్పని అనను, కొత్త డేటా వస్తే బేస్‌లైన్ మార్చాల్సిందే. కానీ దాన్ని పట్టుకుని శిలాశాసనంలాగా మాట్లాడితే ఎలా?

జిల్లా లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. సగటుకి 19 శాతం అటూ 19 శాతం ఇటూ ఎంత పడినా నార్మలే. అసలు కొసమెరుపు ఇది: 2016లో వాతావరణ శాఖ తన పదజాలంలోంచి కరువు అనే మాటనే తీసేసింది. కరువుని ప్రకటించడం తమ పని కాదు అంది, దాని బదులు "లోటు సంవత్సరం" అని పెట్టుకుంది. కారణం సబబే కావచ్చు. కానీ అప్పులిచ్చినవాడు ఇంటి ముందు కూర్చుంటే రైతు "అయ్యా, ఇది కరువు కాదు, లోటు సంవత్సరం" అని చెప్పుకోవాలా?

2023నే తీసుకోండి. జులై నెలాఖర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. దేశ సగటు ప్రకారం నాలుగు నెలల్లో పడాల్సిన దాంట్లో దాదాపు ముప్పాతిక వంతు, ఇరవై నాలుగ్గంటల్లో! ఆ వెంటనే వచ్చిన ఆగస్టు? 1901 నుంచి ఉన్న రికార్డుల్లో, దేశం మొత్తమ్మీద అన్నిటికంటే తక్కువ వాన పడిన ఆగస్టు. ఈ రెండు నెలల్నీ కలిపి సగటు తీయండి. వరదా కనపడదు, వరుపూ కనపడదు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఇది తేలిగ్గానే అర్థం కావాలి. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ రెండొందల మిల్లీసెకన్లు అని స్లైడ్ పెట్టి మురిసిపోయే మేనేజర్ని చూసి మనం చాటుగా నవ్వుకోమూ? నూరుమందిలో ఆ ఒక్కడికి ఎంత టైమ్ పడుతోందో చెప్పు బాబూ అని అడగమూ? మా దిక్కు నల్లరేగడిలో పత్తి వేసే రైతు అడిగేదీ అదే. అరవై డెబ్బై మిల్లీమీటర్ల వాన పడి భూమి బాగా తడిసేదాకా గింజ పెట్టొద్దని వ్యవసాయ శాఖ ఏటా చెబుతూనే ఉంటుంది. మిర్గం చినుకుకి ఆశపడి గింజ పెట్టాక రెండు వారాలు వాన లేకపోతే మొలక మాడిపోతుంది. మళ్ళీ విత్తనాల ప్యాకెట్లు కొనాలి, మళ్ళీ కూలీల్ని పెట్టాలి. సెప్టెంబర్ ఆఖర్న జిల్లా రిపోర్టులో "నార్మల్" అని పచ్చరంగు పడుతుంది. ఆ పచ్చరంగు వల్ల విత్తనాల అప్పు మాఫీ కాదు.

మూలమట్టం

నార్మల్ అనే మాట లాటిన్ "నార్మా" నుంచి వచ్చింది. నార్మా అంటే వడ్రంగి వాడే మూలమట్టం. చెక్క మూల సరిగ్గా 90 డిగ్రీలుందో లేదో చూసే సాధనం. చెక్కకి అది అవసరమే. ఆ మూలమట్టాన్ని మనుషుల మీద పెట్టడం మాత్రం మొన్నమొన్నటి సంగతి. 1835లో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త కెట్లే "సగటు మనిషి" అన్న ఊహని ప్రచారంలోకి తెచ్చాడు. నక్షత్రాల కొలతల్లో వచ్చే తప్పుల్ని సరిచేసే లెక్కని తెచ్చి మనుషులకి తగిలించాడు. సగటు మనిషే అసలైన నమూనా, మిగతా అందరం దాన్నుంచి పక్కకి జారిన తప్పులం అన్నట్టు తయారైంది వ్యవహారం.

దీనికి మంచి జవాబు ఇంకో ఇంజనీరింగ్ సమస్యలోంచి వచ్చింది. 1950ల మొదట్లో అమెరికా వైమానిక దళంలో పైలట్లు విమానాల్ని అదుపు చెయ్యలేక ప్రమాదాల పాలవుతున్నారు. కాక్‌పిట్‌ని సగటు పైలట్‌కి సరిపోయేలా కట్టారు మరి. గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్ర అధికారి 4,063 మంది పైలట్ల కొలతలు తీసుకుని, ముఖ్యమైన పది కొలతల్లోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టాడు. సున్నా! ఒక్కడు కూడా లేడు. అందరికీ అని చేసిన సీటు ఎవరికీ సరిపోని సీటు అయింది. ఆ తర్వాత విమానాల్లో సీటుని పైలట్‌కి తగ్గట్టు జరుపుకునేలా కట్టాలని వైమానిక దళం పట్టుబట్టింది. మీ కార్లో సీటు జరుపుకునేటప్పుడు ఆయన్ని ఒకసారి తలుచుకోవచ్చు.

మన జీవితాల సంగతీ ఇంతే. పదో తరగతి, ఎంపీసీ, ఎంసెట్, బీటెక్, క్యాంపస్, ఆన్‌సైట్, ఇరవై ఎనిమిదికి పెళ్ళి, ముప్పైకి ఫ్లాట్. దీన్ని నార్మల్ లైఫ్ అంటారు. ఇందులో ఏ గేటు దగ్గర ఆలస్యమైనా "ఏమైంది మీ వాడికి, నార్మల్‌గానే ఉన్నాడా?" అని చుట్టాలు మొదలెడతారు. భాష కూడా అంతే. మా ఊళ్ళో తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ, కొలామీ అన్నీ వినపడతాయి. నాలుగు మాటలు కలిసి ఒక వాక్యం అవుతుంది. హైదరాబాద్ హాస్టల్‌కి రాగానే "నార్మల్ తెలుగులో చెప్పురా" అంటారు. రెండున్నర జిల్లాల తెలుగుకి నార్మల్ అని పేరు పెట్టి, మిగతాదంతా యాస అన్నారు. యాస లేని మనిషి ఉంటాడా అసలు? నిర్మల్ కొయ్యబొమ్మల అంగడికి వెళ్ళి రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో రంగులేసినవి, రెండూ ఒక్కలా ఉండవు. ఏది నార్మల్ బొమ్మ అని అడిగితే ఆ పనివాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు.

"నీకేం బాబూ, కిటికీ దగ్గర కూర్చుని బజ్జీలు తింటావు"

ఈ మాట ఎవరో ఒకరు అంటారని తెలుసు. అనాలి కూడా. వాన గురించి ఆనందంగా మాట్లాడేవాడు కప్పు కారని ఇంట్లో ఉంటాడు. మా ఏజెన్సీ ఊళ్ళలో వానాకాలం అంటే మలేరియా, విషజ్వరాలు, వాంతులూ విరేచనాలు. వాగు పొంగితే ఊరు తెగిపోతుంది. నొప్పులు పడుతున్న ఆడమనిషిని మంచం మీద మోసుకుంటూ వాగు దాటించిన వార్త మా జిల్లా ఎడిషన్‌లో ప్రతి వానాకాలం వస్తుంది. దీన్ని పక్కన పెట్టి వాన ఎంత అందమో రాస్తే అది అబద్ధమే.

కానీ ఇక్కడ తప్పు ఎవరిదో సరిగ్గా చూడాలి. వాన వాగులోకి రావడం వాన పని, అది చేస్తోంది. వాగు మీద వంతెన కట్టడం ఎవరి పనో వాళ్ళు చెయ్యలేదు. వాన పడ్డందుకు మనం ఆశ్చర్యపోతాం, వంతెన లేనందుకు ఆశ్చర్యపోం. ఆ ఊరి గురించి అడిగితే అందరూ చెప్పే జవాబు ఒక్కటే: "వానాకాలం మామూలే సార్."

మామూలే! ఈ మాట దగ్గర కాస్త ఆగండి. తెలుగులో మామూలు అంటే రెండర్థాలు. ఒకటి ఎప్పుడూ జరిగేది. ఇంకోటి ఆఫీసులో బల్ల కింద ఇచ్చేది. లంచం అని పిలిస్తే నేరం, మామూలు అని పిలిస్తే ఆనవాయితీ. ఒక నేరానికి "రోజూ జరిగేది" అని పేరు పెట్టి దాంట్లో నేరాన్ని మాయం చేసిన భాష మనది. వాగు దగ్గర మనం చేసేదీ అదే పని. ఏటా జరుగుతోంది కాబట్టి అది నార్మల్, నార్మల్ కాబట్టి దానికి బాధ్యుడు లేడు.

కడెం ప్రాజెక్టు సంగతి చూడండి. 2022 జులైలో వరద ఐదు లక్షల క్యూసెక్కులు దాటింది. గేట్లన్నీ ఎత్తినా బయటికి పంపగలిగేది సుమారు మూడు లక్షలు. పద్దెనిమిది గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. కింద ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ రాత్రి మా దిక్కు ఫోన్ పట్టుకోని ఇల్లు లేదు. ఆనకట్ట నిలిచింది, అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం. అంత వరద ఎవరూ ఊహించరు, అసాధారణం అన్నారు. నిజానికి 1958లోనే ఈ ప్రాజెక్టు కట్ట మీదుగా వరద పొర్లింది, అయినా సరే, ఒప్పుకుందాం. మరి 2023 జులైలో? మళ్ళీ వరద వచ్చింది, ఈసారి నాలుగు గేట్లు మొరాయించాయి. మళ్ళీ కింద ఊళ్ళ వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని బయల్దేరారు.

మొదటి ఏడాది వరదని ప్రకృతి అనొచ్చు. రెండో ఏడాది తెరుచుకోని గేటుని ఏమనాలి? మన భాషలో దాన్ని "నోన్ ఇష్యూ" అంటారు. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయాక ఏడాదిపాటు టికెట్ అలాగే తెరిచి ఉంచి, మళ్ళీ అదే కారణంతో పడితే, "లోడ్ అసాధారణంగా వచ్చింది సార్" అని ఎవడైనా అంటే ఊరుకుంటారా? ఇక్కడ సర్వర్ కాదు, ఊళ్ళు.

హైదరాబాద్ కూడా తక్కువ తినలేదు. 2023 జులైలో వానలకి సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీల్ని విడతలవారీగా లాగౌట్ చేయించమని కోరారు. ఆ రోజుకి అది తెలివైన పనే, కాదనను. కానీ మనం ఏం మాట్లాడుకున్నాం? "వాన ట్రాఫిక్‌ని చంపేసింది" అనుకున్నాం. నీళ్ళు పారే దారిలో అపార్టుమెంట్లు కట్టిందెవరు, అమ్మిందెవరు, లోను తీసుకుని కొన్నదెవరు అని అడిగితే చూపుడువేలు ఎటు తిరుగుతుందో మనకి తెలుసు. అందుకే వానని తిట్టడం తేలిక. అది తిరిగి జవాబు చెప్పదు కదా.

మరి ఆనందం?

వాన ఆనందం బజ్జీల వాళ్ళది మాత్రమే అన్న మాట కూడా నేను ఒప్పుకోను. అది పేదవాళ్ళకి ఏడుపు తప్ప ఇంకేం తెలియదనుకునే పట్నం ఊహ. మిర్గం నాడు చేపలు వండుకునే ఇల్లు ధనవంతుల ఇల్లేం కాదు. ఆషాఢంలో అకాడి, శ్రావణ అమావాస్యకి పొలాల పండుగ, ఎడ్లకి కొమ్ములకి రంగులేసి ఊరేగించే రోజు, ఇవన్నీ వానాకాలంలోనే. వాన వెళ్ళిపోతుండగా గుట్టల మీద గునుగు, తంగేడు పూస్తే బతుకమ్మ. మా దిక్కు పండగల క్యాలెండర్ సగం వాన రాసిందే. కొమురం భీమ్‌ని తలుచుకోగానే మన నోట వచ్చే నినాదంలో మొదటి మాట కూడా జల్. జంగల్, జమీన్ ఆ తర్వాతే.

ఆరుద్ర కార్తెలో తడి నేల మీద మఖమల్ ముక్కల్లాగా ఎర్రటి పురుగులు నడుస్తుంటాయి. అంగడిలో అడవి నుంచి వచ్చిన బోడకాకరకాయ కుప్పలు. గోనెసంచి కొప్పెర పెట్టుకుని నాటేసే ఆడవాళ్ళ నవ్వులు గట్టు మీదికి వినపడతాయి. నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం హోరు చెట్లలోంచే తెలుస్తుంది. (చూడటానికి వెళ్ళండి, కానీ దూరం నుంచే. సెల్ఫీ కోసం బండల మీదికి దిగొద్దు, అక్కడ చాలా ప్రాణాలు పోయాయి.) వీటిని చూసి ఆనందించడానికి ధనవంతులై ఉండక్కర్లేదు. వాన గుడిసె మీదా పడుతుంది, గుడిసెలో ఉన్నవాడికి వాన శబ్దం నచ్చకూడదని ఎక్కడా రాసి లేదు. వాడికి కావాల్సింది వాన ఆగిపోవడం కాదు, కారని కప్పు. ఈ రెండూ వేరు వేరు కోరికలు. కప్పు వెయ్యాల్సినవాళ్ళు వాన మీద నెట్టేసి తప్పించుకోవడానికే మన "బ్యాడ్ వెదర్" పనికొస్తోంది. వాన చెడ్డదైతే ఇంకెవర్నీ అడగక్కర్లేదు కదా!

అందుకే ఆనందపడటం, నిలదీయడం రెండూ ఒకే పనిలో భాగాలంటాను. వానని ఇష్టపడేవాడికే దాని నీళ్ళు ఎటు పోవాలో పట్టింపు ఉంటుంది. వానంటే చిరాకున్నవాడు అద్దాలెత్తుకుని ఇంటికెళ్ళి పడుకుంటాడు.

కాబట్టి మనవాళ్ళకి నాదొక చిన్న మనవి. రేపు వాన పడితే కాల్‌లో "వెదర్ బాగోలేదు" అనకండి, "మా ఊళ్ళో వాన పడుతోంది" అనండి. అవతలివాడు సారీ చెబితే ఎందుకని అడగండి. అలాగే మీ ఊరి వాగు తెగిందని ఇంటినుంచి ఫోనొస్తే "మామూలేగా" అని పెట్టేయకండి. ఆ వాగు మీద వంతెన ఎప్పుడు మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఆగింది అని సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టండి. 2005 నుంచి ఆ చట్టం ఉంది, దరఖాస్తు ఫీజు పది రూపాయలు మించదు. రోజుకి నలభై మెయిళ్ళు రాసే చేతులు మనవి, నలభై ఒకటోది రాయలేవా?

వచ్చే జూన్‌లో మళ్ళీ మిర్గం వస్తుంది, మళ్ళీ మొగులు పడుతుంది. దానికి ముందే గేట్లకి గ్రీజు పెట్టారో లేదో అడిగి పెట్టుకుందాం. ఆ పనైపోతే గొడుగు ఇంట్లో వదిలేసి రండి, తడుద్దాం.